చిన్న పడవకు చేపల జాడ తెలుపు యంత్రము

తీర గ్రామములలో సేద్యముతోపాటు సముద్రపు వేటకు పోవువారు అనేకులు కలరు. చేపలున్న తావు తెలియక తిరిగినచో ఇంధనమునకైన ఖర్చు కూడ రాదు. పూర్వము సీసపు గుండును తాటికి కట్టి లోతు చూచెడివారు. నేడు ఆ పనిని శబ్దముచే చేయు ‘ఎకో సౌండరు’ చిన్న ఫైబరు పడవలకు కూడ లభించుచున్నది.

ఇది పని చేయు విధము: పడవ అడుగున నుండు గ్రాహకము నీటిలోనికి శబ్దమును పంపును. అది నేలకు తగిలి తిరిగి వచ్చును. సముద్రపు నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. పోయి వచ్చుటకు సెకనులో పదవ వంతు పట్టినచో లోతు 75 మీటర్లు, అనగా సుమారు 41 బారలు. చేప కడుపులోని గాలితిత్తి శబ్దమును బాగుగా త్రిప్పికొట్టును గనుక గుంపు మచ్చగా కనబడును. గాలితిత్తి లేని రొయ్యల గుర్తు మసకగా నుండును.

గాలి బుడగలే ఈ యంత్రమునకు శత్రువులు. కావున గ్రాహకమును ప్రొపెల్లరునకు కనీసము 40 సెంటీమీటర్ల దూరమున, నీరు సాఫీగా పారు చోట, అమరము పలకకు బిగింపవలెను. ముఖము పడవ అడుగు కంటె సుమారు 3 మిల్లీమీటర్లు దిగువగా, నీటికి సమముగా నుండవలెను.

పడవకు ఒక్కసారిగా రంధ్రము వేయరాదు. ముందు గ్రాహకమును ఒక కర్రకు కట్టి, పడవను నడిపి చూడుడు. తెరపై నేల గీత తెగక వచ్చిన చోటనే చిన్న చెక్కపలకను బిగించి, దానికి గ్రాహకమును అమర్చుడు. ప్రతి రంధ్రమును సముద్రపు నీటికి ఆగు సీలంటుతో నింపి, తుప్పుపట్టని స్టీలు మరలు వాడవలెను. ఈ ఒక్క విషయమున అశ్రద్ధ చేసినచో నడిసముద్రమున పడవలోనికి నీరు చేరి ప్రాణాపాయము కలుగును.

తీగను 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపి, మధ్య తగిన ఫ్యూజు పెట్టవలెను. ఇంజను తీగల ప్రక్కన పోనీయరాదు. పొడవైనదని కోయరాదు, చుట్టి కట్టవలెను.

పిదప 5 బారల నీటిలో సీసపు గుండుతో కొలిచి, తెరపై అంకెతో సరిచూడుడు. యంత్రము గ్రాహకము నుండియే లోతు చూపును గనుక అది నీటిలో మునిగిన మేరను కలుపుకొనవలెను. గ్రాహకముపై రంగు పూయక, నాచును మెత్తని గుడ్డతో తుడువవలెను.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల వేట విరామము ఈ పనికి అనువైన కాలము.

యంత్రము చేపను చూపునే గాని పుట్టింపజాలదు. విత్తనపు గింజను తినివేసిన రైతునకు పంట లేనట్లే, పిల్ల చేపలను పట్టినవానికి మరుసటి ఏడు వేట యుండదు. గుంపు కనబడినను సన్నకన్ను వలలు వేయకుడు.