తెలివి వేరు, జ్ఞానము వేరు

కర్నూలు నుండి కడప వరకు సాగే కె.సి. కెనాల్‌ను మనలో ఎరుగనివారెవరు?

దానిని 1860వ దశకంలో త్రవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, సుమారు 300 కిలోమీటర్లు నీటిని నడిపించిన ఇంజనీర్లు నిజంగా తెలివిగలవారు. అయినా కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొన్నది. ఒక కారణమేమంటే, మన నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. దానిలో జొన్న, ప్రత్తి పండించే రైతులు నీటితీరువ కట్టి తడిపంటకు మారడానికి ముందుకు రాలేదు. నేల వాటం చూచినవారు, రైతు మనసు చూడలేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడానే వివరిస్తారు. ఒక పరీక్షలో రాణించేవారు సాధారణంగా తక్కిన వాటిలోను రాణిస్తారని 1904లో స్పియర్‌మన్ చూపి, దాని వెనుక ఒక సామాన్య మేధాశక్తి ఉందన్నాడు. 1905లో ఫ్రాన్సులో బినే, సైమన్‌లు బడిలో సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి పరీక్ష తయారుచేశారు. ఐ.క్యూ. పరీక్షలకు అదే మూలం.

మరి జ్ఞానము? తెలివిని, అనుభవాన్ని తన మేలు, ఎదుటివారి మేలు, అందరి మేలు తూచి వాడటమే జ్ఞానమని 1998లో స్టెర్న్‌బర్గ్ వివరించాడు. తన ఎరుకకు హద్దు ఉందని గ్రహించడమూ దానిలో భాగమేనని జర్మనీలో బాల్టెస్ బృందం చెప్పింది. వయస్సు పెరిగినంత మాత్రాన అది రాదని కూడ వారు గమనించారు.

సొలొమోను అడిగినది కూడ ప్రజలకు న్యాయం తీర్చే వివేకమే కదా!

ప్రియులారా, ప్రక్క చేనివాని బోరు ఎండిపోయినా సరేనని మరింత లోతుకు వేయించడం తెలివి కావచ్చు. ఇద్దరూ గట్టుమీద కూర్చుని, ఉన్న నీళ్లను వంతులు వేసుకోవడం జ్ఞానము. ఈ వేసవిలో మన చేలో ఏది కనబడుతుంది?