సిరా, గాలి, కాగితం

ఫొటో వెలిసిపోతే సాధారణంగా ఎండను నిందిస్తారు. ఎండ దోషం కొంత ఉన్నమాట నిజమే. కాని నీడపట్టున గోడకు తగిలించిన ఇంక్‌జెట్ ఫొటో కూడా రంగు మారుతుంది. తాతముత్తాతల నాటి నలుపు తెలుపు ఫొటో పాడవుతుందేమోనని తీయించిన నకలు, అసలు కంటే ముందే వెలిసిపోయిన సందర్భాలున్నాయి. దీనికి గాలి ఒక ముఖ్య కారణం. ఆ గాలిని సిరా దాకా రానిచ్చేది కాగితం.

2000వ సంవత్సరంలో ఎప్సన్ సంస్థ స్టైలస్ ఫొటో 870, 1270 అనే ప్రింటర్లను విడుదల చేసింది. ఆ సంస్థవారి నిగనిగలాడే ఫొటో కాగితంపై వాటితో ముద్రించిన చిత్రాలు ఏళ్ల తరబడి నిలుస్తాయని ప్రచారం జరిగింది. తీరా చూస్తే కొందరి ఇళ్లలో అవి కొద్ది వారాలకే నారింజ రంగుకు తిరిగాయి. గాలిలోని ఓజోన్ వాయువు సయాన్ అనే నీలిరంగును విచ్ఛిన్నం చేయడమే అందుకు హేతువు. నీలం పోగా మిగిలిన మెజెంటా, పసుపు కలిస్తే నారింజ ఛాయ కాక మరేమి కనిపిస్తుంది? ప్రచారానికి ఆధారమైన పరీక్షలు వెలుతురును కొలిచాయే గాని గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

ఫొటో కాగితాలపై ఉండే పూతలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిదానిలో సిలికా లేదా అల్యూమినా సూక్ష్మకణాలు ఉంటాయి. ఇసుకలో నీరు ఇంకినట్లు కణాల సందులలోకి సిరా ఇంకి, క్షణాలలో ఆరిపోతుంది. "వెంటనే ఆరుతుంది" అని పొట్లంపై రాసి అమ్మేవి చాలావరకు ఇవే. కొనేవారికి అది గుణంగా తోస్తుంది. అయితే సిరా దిగిన సందులు తెరిచే ఉంటాయి కనుక గాలీ ఆ దారినే లోపలికి పోతుంది. రెండవదానిలో జెలటిన్ వంటి పదార్థం ఉంటుంది. నానిన సగ్గుబియ్యంలా అది ఉబ్బి సిరాను తనలో ఇముడ్చుకొని, ఆరిన తరువాత మూసుకుపోతుంది. లోపలి రంగుకు గాలి సోకడం అరుదు. కాని ఈ కాగితం నిదానంగా ఆరుతుంది. నీటిచుక్క పడితే చెడుతుంది. తేమ ఎక్కువైతే రంగులు అలుక్కుపోతాయి.

ఈ తేడా నీటిలో కరిగే డై సిరాల విషయంలోనే ఎక్కువ. పిగ్మెంట్ సిరాలోని రంగు కరగని రేణువులుగా ఉంటుంది. రేణువు పైపొర దెబ్బతిన్నా లోపలి భాగం మిగులుతుంది. అందువల్ల రంధ్రాల కాగితంపై కూడా అది చాలాకాలం నిలుస్తుంది.

డై సిరాతో రంధ్రాల కాగితంపై ముద్రించిన ఫొటో ఇప్పటికే ఇంట్లో ఉంటే దానికి అద్దం బిగించడం మేలు. అద్దం గాలి రాకపోకలను బాగా తగ్గిస్తుంది. బిగించే ముందు సిరాను ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. ఫొటో అద్దానికి అంటుకోకుండా నడుమ ఒక అట్టచట్రం ఉంచాలి.