క్రిస్మస్ బల్ల మీద మన ఊరి పూలు

డిసెంబరు మొదలైందంటే చాలు, ఫోన్ తెరిస్తే పైన్ కొమ్మలు, ఎర్ర రిబ్బన్లు, బంగారు రంగు కొవ్వొత్తులు. క్రిస్మస్ విందుకి భోజనాల బల్ల మధ్యలో పెట్టే అలంకరణల రీల్స్ అవి. వాటినే సెంటర్‌పీస్ అంటున్నారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. చిక్కల్లా ఒకటే. మా మదనపల్లె పూల అంగళ్లలో పైన్ కొమ్మలు అమ్మరు, హోలీ ఆకులు అంతకన్నా అమ్మరు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొచ్చేది ప్లాస్టిక్.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. క్రిస్మస్‌కి ఇంటికొస్తే బల్ల సర్దే పని నాదే. మూడేళ్లుగా బయటి సరుకు ఏదీ కొనకుండా, మన మార్కెట్లో, మన పొలాల గట్ల మీద దొరికే వాటితోనే చేస్తున్నాను. మీ ఇంట్లోనూ ఈసారి ప్రయత్నించండి. ఖర్చు ఒక పిజ్జా కన్నా తక్కువే!

అసలు ఎక్కడ మొదలైంది?

క్రిస్మస్‌కి నాలుగు ఆదివారాల ముందు నుంచి ఒక్కో కొవ్వొత్తి వెలిగించే అడ్వెంట్ దండ గురించి వినే ఉంటారు. దాని కథ బాగుంటుంది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. పండక్కి ఇంకా ఎన్ని రోజులుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక బండిచక్రం తీసుకుని దానిమీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. మామూలు రోజులకి చిన్నవి, ఆదివారాలకి పెద్దవి. రోజుకొకటి వెలిగించుకుంటూ పోతే లెక్క తేలిపోతుంది. పచ్చకొమ్మలు చుట్టడం తర్వాత వచ్చింది. ఆ చలికి చెట్లన్నీ ఆకులు రాల్చేస్తే పచ్చగా మిగిలేవి పైన్, ఫర్ లాంటి కొన్నే. అందుకే అవి ఇంట్లోకొచ్చాయి.

అంటే వాళ్లు కూడా చేతికందిందే వాడుకున్నారు. చేతికందింది వాడుకోవడమే సంప్రదాయమైతే, డిసెంబరులో మన చేతికందేది ఏమిటి? చామంతి, బంతి, సరుగుడు, అరటి, టమోటా. లెక్క సరిపోయింది కదా!

మా ఊరికి క్రిస్మస్ కొత్తేమీ కాదు. అమెరికా మిషనరీ డాక్టరు జేకబ్ చాంబర్లేన్ 1863లోనే మదనపల్లె వచ్చి పని మొదలుపెట్టాడు. మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911 నాటిది. ఇన్నేళ్ల పండక్కి మన ఊరి పూలే లేకపోతే ఎలా?

ముందు టేప్ తీయండి

నా డిజైన్‌కి రిక్వైర్‌మెంట్ ఇచ్చింది మా అవ్వ. ఆమెకి చెవులు బాగా తగ్గాయి. మిషన్ పెట్టుకున్నా, నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఏమీ తెలియదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. ఆమధ్య ఒక పెళ్లి రిసెప్షన్‌కి తీసుకెళ్తే, ఫంక్షన్ హాలు వాళ్లు ప్రతి బల్ల మీదా రెండడుగుల ఎత్తున పూలు నిలబెట్టారు. అవతల కూర్చున్నది సొంత చెల్లెలే. అయినా ఒక్క మాట కలవలేదు. ఇంటికొచ్చాక "ఎట్లుందవ్వా పెండ్లి?" అంటే, "పూలతో మాట్లాడుకోని వచ్చినాను లేరా" అంది.

మా ఇంట్లో అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చునేది ఏడాదికి ఒక్క పూట. చిన్నాయన వాళ్లు హైదరాబాద్ నుంచి, అక్క వాళ్లు చెన్నై నుంచి వస్తారు. ఆ ఒక్క పూట అవ్వకి ముఖాలు కనపడకపోతే, నేను పెట్టింది ఎంత అందంగా ఉన్నా దండగే. అందుకే మొదటి రూల్ ఎత్తు.

కుర్చీలో కూర్చుని మోచేయి బల్లకి ఆనించి, పిడికిలి బిగించి చేయి నిలబెట్టండి. అలంకరణ ఆ పిడికిలి దాటకూడదు. అంటే అడుగుకి కాస్త అటూ ఇటూ. మా అవ్వ పొట్టి కాబట్టి నేను 25 సెంటీమీటర్ల దగ్గరే ఆపేస్తాను.

రెండోది వెడల్పు. నలుగురు కూర్చునే బల్ల సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు ఉంటుంది. అన్నం ప్లేటు అడ్డంగా 28. ఎదురెదురుగా రెండు ప్లేట్లు పెడితే 56 పోతుంది. మధ్యలో మిగిలేది 19 మాత్రమే! బిర్యానీ గిన్నె, పెరుగు పచ్చడి కూడా అక్కడే సర్దుకోవాలి. అందుకని పొడవులో మూడో వంతు, అంటే 40 సెంటీమీటర్లు పూలకి. అటూ ఇటూ మిగిలింది గిన్నెలకి. వెడల్పు 15 దాటనివ్వకండి. బల్ల మీద మొదటి హక్కు తిండిదే.

అరటిబోదె ఉంటే చాలు

పూల షాపుల్లో ఆకుపచ్చ స్పాంజి దిమ్మ వాడతారు, చూశారా? ఫ్లోరల్ ఫోమ్ అంటారు. అది కూడా ఒక రకం ప్లాస్టిక్కే. మట్టిలో కలవదు, పొడిపొడిగా రాలిపోతుంది. దానికి బదులు మన దగ్గర అరటిబోదె ఉంది. నీళ్లు దానిలోనే ఉంటాయి, గుచ్చింది కదలదు, పని అయిపోతే మట్టిలో కలిసిపోతుంది.

బోదె పైపొరలు ఒలిచేసి, నాలుగైదు అంగుళాల లావున్న ముక్కని 40 సెంటీమీటర్లకి కోయండి. నిలువుగా రెండు బద్దలు చేసి, ఒక బద్దని చదును వైపు కిందకి ఉండేలా స్టీలు పళ్లెంలో పెట్టండి. పళ్లెం మర్చిపోవద్దు. అరటి జిగురు టేబుల్ క్లాత్‌కి అంటితే ఆ మరక ఏ సబ్బుకీ పోదు.

ఇక పూలు. రీల్స్‌లో అందరూ పొడుగు కాడల పూలే గుచ్చుతుంటారు. మన మార్కెట్లో చామంతి, బంతి కాడల్లేకుండా విడిపూలుగా, కిలోల లెక్కన అమ్ముతారు. దీనికి మందు కొత్త చీపురు! కొబ్బరి ఈనెల్ని వేలెడు ముక్కలుగా తుంచి, ఒక కొస పువ్వు తొడిమలోకి, రెండో కొస బోదెలోకి గుచ్చండి. పావు కిలో చామంతులతో బోదె మొత్తం నిండిపోతుంది. కోసిన అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి కాబట్టి అక్కడ ఆకులు కప్పేయండి.

చామంతి డిసెంబరులోనే ఎందుకు ఇంత విరగబూస్తుందంటే, దానికి రాత్రుళ్లు పొడుగ్గా ఉండాలి. చీకటి ఎక్కువయ్యాకే మొగ్గ వేస్తుంది. బెంగళూరు నుంచి వచ్చే దారిలో కొన్ని చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలుగుతుంటాయి. అలంకారం అనుకుంటాం గానీ, పగలు ఇంకా ఉందని మొక్కని నమ్మించి, పూతని రైతుకి కావలసిన తేదీకి జరుపుకునే ఏర్పాటు అది. కుప్పం, పుంగనూరు వైపు నుంచి వచ్చే పూలబుట్ట వెనక ఇంత లెక్క ఉంటుంది.

పచ్చదనానికి సరుగుడు కొమ్మలు. మన పల్లెల్లో క్రిస్మస్ ట్రీకి నిలబెట్టేది ఎక్కువగా ఇదే కదా. చివర్లు తుంచి పూల మధ్య అక్కడక్కడా గుచ్చితే పైన్ లోటు తెలియదు. గట్ల మీద సిల్వర్ ఓక్ ఉంటే ఇంకా మంచిది. ఆకు తిరగేస్తే వెనకంతా వెండి రంగు. హార్స్‌లీ హిల్స్‌కి టూర్ వెళ్లి అడవిలో కొమ్మలు విరిచి తేవద్దు. తెలిసిన రైతుని అడిగితే రెండు కొమ్మలు కాదంటాడా?

ఎర్ర బంతులకి బదులు టమోటాలు

క్రిస్మస్ అంటే ఎరుపు, ఆకుపచ్చ. మదనపల్లె అంటే టమోటా. ఇంకేం కావాలి? తొడిమ పచ్చగా ఉన్న గట్టి టమోటాలు ఏడెనిమిది కడిగి, తుడిచి, పళ్లెం అంచున పేర్చండి. మెరిసే ప్లాస్టిక్ బంతులు వీటి ముందు వెలవెలబోతాయి. ఈ కాయ కిలో వంద దాటిన 2023 జులై చూశాం, ధర లేక రోడ్డు మీద పారబోసిన రోజులూ చూశాం. పండగ రోజు బల్ల నడుమ కూర్చోబెట్టడం దానికి చిన్న మర్యాద.

ఒక జాగ్రత్త. పండిన టమోటా ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. దాని పక్కన రాత్రంతా ఉంచితే గులాబీల్లాంటి పూలు తొందరగా వాడిపోతాయి. అందుకని టమోటాలు 25వ తేదీ పొద్దున మాత్రమే పెట్టండి. మర్నాడు వాటితోనే ఊరిబిండి నూరుకోవచ్చు. పూలకి మందులు కొట్టి ఉంటారు కాబట్టి వండేముందు మళ్లీ కడగండి. కజ్జికాయలూ నిప్పట్లూ పూల పళ్లెంలో సర్దొద్దు.

పట్టుగూళ్ల దీపాలు

మా చుట్టుపక్కల మల్బరీ తోటలు చాలా ఉన్నాయి. చిలక తొలుచుకుని బయటికొచ్చేసిన గూళ్లు దారం తీయడానికి పనికిరావు, చవగ్గా ఇచ్చేస్తారు. అలాంటి ఖాళీ గూళ్లు ఓ ఇరవై తెచ్చుకోండి. పురుగు లోపలే ఉన్నవి తెచ్చారో, నాలుగు రోజుల్లో ఇల్లంతా కంపు! ఒక కొస కత్తిరించి, బ్యాటరీతో నడిచే చిన్న ఎల్ఈడీ లైట్ల దండలో ఒక్కో బల్బుకి ఒక్కో గూడు తొడగండి. తెల్లటి పట్టులోంచి వెలుగు పాలనురగలా వస్తుంది. ఆ దండని పూల చుట్టూ పరిస్తే సరి. వేడెక్కే పాత సీరియల్ బల్బులు మాత్రం వాడొద్దు.

నిజం కొవ్వొత్తే కావాలంటే, గాజు గ్లాసులో రెండంగుళాల ఇసుక పోసి అందులో నిలబెట్టండి. సరుగుడు కొమ్మ ఎండితే ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి గ్లాసుకీ కొమ్మకీ మధ్య జానెడు దూరం ఉండాలి. చిన్నపిల్లలుంటే ఎల్ఈడీలతో సరిపెట్టుకోవడం మేలు.

పిల్లలకో పని

పెద్దవాళ్లు వంటలో మునిగితే పిల్లలు కాళ్లకి అడ్డం పడతారు. వాళ్లకి ఎర్ర కాగితం, తెల్ల కాగితం ఇచ్చి కూర్చోబెట్టండి. రెండింటినీ మడిచి, చీలికలు కత్తిరించి, చాప అల్లినట్టు ఒకదాంట్లో ఒకటి అల్లితే గుండె ఆకారంలో చిన్న సంచి వస్తుంది. ఇది డెన్మార్క్ వాళ్ల క్రిస్మస్ అలవాటు. ఇప్పటికి దొరికిన వాటిలో అన్నిటికన్నా పాతది 1860లో కథల రచయిత ఆండర్సన్ చేతులతో అల్లింది. మనకీ డెన్మార్క్‌కీ ఏం సంబంధం అంటారా? మా ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి మొదటి సూపరింటెండెంట్ ఫ్రిమోట్ మోలర్ ఆ దేశపు డాక్టరే. ఒక్కో సంచి మీద ఒక్కొక్కరి పేరు రాసి, నాలుగు చాక్లెట్లు వేసి ప్లేటు పక్కన పెడితే, ఎవరెక్కడ కూర్చోవాలన్న గొడవే ఉండదు. మా అవ్వకి ఎదురుగా ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేవాళ్ల పేరే పెడతాను.

బల్ల లేకపోతే?

చాప మీద కూర్చుని తినే ఇళ్లు మన దగ్గర ఎక్కువే. అప్పుడు ఎత్తు ఇంకా తగ్గాలి, నాలుగు అంగుళాలు చాలు. వెడల్పాటి ఇత్తడి తాంబాళంలోనో, మట్టి మూకుడులోనో నీళ్లు పోసి బంతిపూలు తేలేయండి. నేల మీద నిప్పు వద్దు. పట్టుగూళ్ల దండ చుట్టూ పరవండి.

ఏవి పెట్టకూడదు?

గన్నేరు అసలే వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. నర్సరీల్లో క్రిస్మస్ పువ్వని అమ్మే పాయిన్‌సెట్టియా పాలు కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తాయి. కుండీతో మూలన పెట్టుకుంటే అందమే, కోసి తిండి దగ్గర పెట్టొద్దు. లిల్లీ, సంపంగి లాంటి ఘాటు వాసనవీ వద్దు. బిర్యానీ మూత తీసినప్పుడు వాసన బిర్యానీదే రావాలి.

టైమ్‌టేబుల్

23న పూలు, బోదె కొని తడిగుడ్డ కప్పి చల్లటి చోట పెట్టండి. 24 సాయంత్రం అరగంటలో పూలు గుచ్చి, నీళ్లు చిలకరించి ఉంచండి. మా వైపు డిసెంబరు రాత్రుళ్లు ఫ్రిజ్‌తో పనిలేనంత చల్లగా ఉంటాయి. 25న చర్చి నుంచి రాగానే టమోటాలు, లైట్లు. ఆ తర్వాత ఒక్కసారి ఇంట్లో అందరికన్నా పొట్టిగా ఉన్నవాళ్ల కుర్చీలో కూర్చుని చూడండి. అవతలి కుర్చీ వీపు పూర్తిగా కనపడకపోతే, అడ్డొచ్చిన కొమ్మని కత్తిరించేయండి. ఎంత బాగున్నా సరే!

పండగ అయ్యాక ఈనెలు ఏరేసి, పూలూ బోదే పెరట్లో మొక్కల మొదట్లో వేయండి. బ్యాటరీ తీసేసి, పట్టుగూళ్ల దండని అట్టపెట్టెలో దాచుకోండి. వచ్చే డిసెంబరుకి కొనాల్సింది పావు కిలో చామంతులే.