చిగుళ్ళ వ్యాధి: కరగిన ఎముక తిరిగి పెరుగునా?

వయసు మీరినచో పండ్లు ఊడుట సహజమని మన ఇండ్లలో పెద్దలు చెప్పుదురు. కాని పెక్కుమందికి పండ్లు ఊడుట చిగుళ్ళ జబ్బు వలననే. పూర్వమునుండి దీనినే పయోరియా అనుచున్నారు. పంటి మొదట చేరిన పాచి గట్టిపడి గారగా మారును. పాచిలోని సూక్ష్మజీవులతో దేహము పోరాడును. ఆ పోరులో చిగురు వాచి, తోముకొనునపుడు రక్తము కారును. పిమ్మట చిగురు పంటినుండి విడి సంచివలె లోతగును. తుదకు వేరును పట్టియుంచు నారలును, వాని వెనుకనున్న దవడ ఎముకయు కరగిపోవును. నొప్పి అంతగా నుండదు. అదియే ఈ జబ్బులోని మోసము.

విరిగిన చేతి ఎముక అతుకుకొనుచుండగా ఇచ్చటి ఎముక ఏల తిరిగి పెరుగదు? రాగి చేనిలో గరికను విడిచిపెట్టినచో ఏమగునో మన రైతుబిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు. చిగురు లోపల శుభ్రపరచిన వెంటనే పైచర్మపు కణములు వేరు వెంట వడివడిగా దిగి చోటంతయు ఆక్రమించును. నారలను, ఎముకను పుట్టించు కణములు మెల్లనివి. అవి వచ్చుసరికి చోటు మిగులదు.

స్వీడన్‌లో స్టూరె నైమన్, యాన్ లిండె మొదలగువారు దీనికి ఒక ఉపాయమును 1982లో ప్రకటించిరి. తీసివేయవలసియున్న ఒక పంటికి చిగురు విప్పి, వేరును శుభ్రపరచి, చిగురునకు వేరునకు నడుమ సన్నని పొరను అడ్డముగా నుంచిరి. చేనికి గట్టు కట్టినట్లన్నమాట. మూడు నెలల తరువాత పరీక్షింపగా వేరుపై క్రొత్త నారలు నాటుకొనియుండెను. నేడు దేహములోనే కరగిపోవు పొరలు కూడ గలవు. కొన్నిచోట్ల పొరక్రింద ఎముక పొడిని నింపుదురు.

మరియొక పద్ధతిని ఫ్రాన్స్ దేశమున జోసెఫ్ షుక్రూన్ 2001లో తెలిపెను. రోగి రక్తమునే కొలదిగా తీసి, ఏ మందును కలుపక, యంత్రములో పది పన్నెండు నిమిషములు గిరగిర త్రిప్పుదురు. ఎర్రకణములు అడుగునకు దిగగా, నడుమ లేత పసుపురంగు జిగురుముద్ద యేర్పడును. అందలి ప్లేట్‌లెట్లు గాయము మానుటకు వలయు పదార్థములను కొన్నిదినములపాటు మెల్లగా విడుచును. మన రాయకోటనుండి హోసూరు మీదుగా రైలులో చేరదగిన బెంగళూరులోనే, ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు చెందిన శర్మ, ప్రదీప్ గారలు దీనిని పరీక్షించి 2011లో ఫలితములను ప్రకటించిరి. మూడువైపుల ఎముక గోడ మిగిలిన గుంటలను వారు ఎన్నుకొనిరి. తొమ్మిది నెలలకు ముద్ద పెట్టిన గుంటలు దాదాపు సగము పూడెను. పెట్టని వానిలో పూడినది అత్యల్పము.

గోడలు మిగిలియుండుట ముఖ్యము. ఎముక అంతట సమముగా అరిగిపోయినచోట ఏ ముద్దయు నిలువదు. పొగత్రాగువారికిని, మధుమేహము అదుపులో లేనివారికిని ఫలితము తక్కువ. ఏ చికిత్సకైనను ముందుగా గార తీయించుకొనవలెను. గార తీసిన పండ్లు కదలునని భయపడి పలువురు మానుకొనుచున్నారు. ఈ భయము తగదని మా అభిప్రాయము. ఎముక మునుపే కరగియుండును. గార ఆ పండ్లను సున్నమువలె కలిపి పట్టియుంచుటచే కదలిక తెలియలేదు, అంతే.

వైద్యుడు మిల్లీమీటర్ల గీతలుగల సన్నని కడ్డీతో చిగురు సంచి లోతును కొలుచును. మూడు లోపల నున్నచో సాధారణముగా భయము లేదు. ఐదారు దాటినచో, ఎక్సరేలో గుంట ఆకారమును చూచినగాని పై చికిత్సలలో ఏది తగునో, అసలు తగునో లేదో, అతడు చెప్పజాలడు.