బడి తెరిచామన్న మెసేజ్ ఇంట్లో ఎలా వినిపించింది?

ఈ ఎపిసోడ్‌లో కరోనా తర్వాత బడులు తెరిచిన రోజుల గురించి, ముఖ్యంగా అప్పుడు మేం టీచర్లం చేసిన ఒక పొరపాటు గురించి చెప్తాను. నేను అప్పట్లో మైత్రీవనం వెనక సందుల్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పనిచేసేదాన్ని.

మైత్రీవనం అనగానే అందరికీ కోచింగ్ సెంటర్ల బోర్డులే గుర్తొస్తాయి. మా పిల్లలు మాత్రం ఆ కోచింగ్ మీద ఆధారపడి బతికేవాళ్ల పిల్లలు. హాస్టల్లో వంట చేసే అమ్మ, జిరాక్స్ షాపు నాన్న, వాచ్‌మన్, టిఫిన్ బండి. 2020 మార్చిలో హాస్టళ్లు ఖాళీ అయ్యాయి కదా, ఊరెళ్లడానికి పాసుల కోసం కుర్రాళ్లంతా పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డారు. వాళ్లతో పాటే వీళ్ల పనీ పోయింది.

తర్వాత తారీఖులు చూడండి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది. సరిగ్గా నెలకి, మార్చి 24న మళ్లీ మూత. సెప్టెంబర్ 1న అందరికీ అన్నారు. ముందురోజే హైకోర్టు, పిల్లల్ని రమ్మని బలవంతపెట్టొద్దు, గురుకులాలు ఇప్పుడే తెరవొద్దు అంది. టీవీలో స్క్రోలింగ్ చూసినవాళ్లకి 'స్టే' అన్న మాట ఒక్కటే గుర్తుండిపోయింది. బడి ఉందా లేదా? ఎవర్ని అడగాలి?

మేం వాట్సాప్ గ్రూపులో ఒక పొడుగాటి మెసేజ్ పెట్టాం. మాస్కు, వాటర్ బాటిల్, టైమింగ్స్, చివరి లైనులో 'పాత బకాయిలు చెల్లించగలరు'. పని అయిపోయిందనుకున్నాం.

ఏడో తరగతి పిల్ల ఒకతి మూడు వారాలైనా రాలేదు. వాళ్లమ్మ హాస్టల్లో వంట చేస్తుంది, నాకు కూరగాయల బండి దగ్గర ఎదురైంది. "మెసేజ్ రాలేదా అమ్మా?" అన్నాను.

"వచ్చింది మేడం, పక్కింటి పిల్లగాడు చదివి చెప్పిండు. ఫీజు కట్టకుంటే రానియ్యరని తెలిసింది. అందుకే పంపలే."

మేం అలా రాయలేదండి. కానీ ఆమెకి వినిపించింది అదే. ఇక్కడ మా వైపు మాట కూడా చెప్పాలి. ఆ ఫీజులతోనే మాకు జీతాలు. అవి ఆగితేనే కదా 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ప్రకటించింది. నేనూ తెచ్చుకున్నాను ఆ బియ్యం. అయినా సరే, బడికి రమ్మనే మాటా బాకీ మాటా ఒకే మెసేజ్‌లో ఉండకూడదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. రాయడం తగ్గించి, నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టాం. ముందు 'ఫీజు కట్టినా కట్టకపోయినా పిల్లని పంపండి', తర్వాత మిగతావి. డబ్బు సంగతి విడిగా, ఇంటి పెద్దతో, ఫోన్లో. రాని పిల్లల ఇళ్లకి మధ్యాహ్నం మూడు, ఐదు మధ్య కాల్ చేశాం. హాస్టల్ వంటవాళ్లకి ఖాళీ దొరికేది ఆ రెండు గంటలే. రాత్రి ఎనిమిదికి చేస్తే, వడ్డించే హడావుడిలో ఎవరు ఎత్తుతారండీ!

చెప్పడం కంటే అడగడమే ఎక్కువ పనికొచ్చింది. పిల్ల దేనికి భయపడుతోంది, టీశాట్, యాదగిరి పాఠాలు నిజంగా చూసిందా, ఫోన్ పగలు ఎవరి దగ్గరుంటుంది? ఇవి అడిగితే అసలు సంగతులు బయటికొచ్చేవి. ఒకరింట్లో జ్వరం, ఒకరికి పాఠం మర్చిపోయానన్న సిగ్గు. ఒక బాబైతే నాన్నతో ఇడ్లీ బండి మీద ఉన్నాడు, వాణ్ణి తేవడానికి రెండు నెలలు పట్టింది.

ఆ ఏడో తరగతి పిల్ల ఒక సోమవారం వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. ఏమిట్రా అంటే, యూనిఫాం పొట్టిదైపోయింది టీచర్ అంది. మామూలు బట్టల్లో రావచ్చని కూడా మా మెసేజ్‌లో ఎవరం రాయలేదు. మర్నాటి వాయిస్ మెసేజ్‌లో మొదటి మాట అదే పెట్టాం.