కలివికోడి – పొదల అడవి: ఒక ఆవాస పరిశీలన

కలివికోడి పేరులో ‘కోడి’ ఉన్నప్పటికీ అది కోళ్ల కుటుంబానికి చెందినది కాదు. రాత్రివేళ సంచరిస్తూ, నేలపై పరుగెత్తుతూ కీటకాలను తిని జీవించే, సుమారు 27 సెంటీమీటర్ల పొడవున్న పక్షి ఇది. దాని రొమ్ముపై కనిపించే రెండు గోధుమరంగు పట్టీలను సూచిస్తూ శాస్త్రీయ నామంలో ‘బైటార్క్వేటస్’ అనే పదం చేరింది. తెలుగు పేరు రూపాన్ని గాక నివాసాన్ని సూచిస్తుంది. కలివి అనేది ముళ్లపొద; అటువంటి పొదల నడుమ తిరిగేది కలివికోడి.

టి.సి. జెర్డన్ సేకరించిన నమూనా ఆధారంగా ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో ఈ పక్షిని వర్ణించారు. 1900 తరువాత దశాబ్దాలపాటు ఆధారాలు లభించకపోవడంతో ఇది అంతరించిందని భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపాన స్థానికుడైన ఐతన్న ఒక రాత్రి దీనిని పట్టుకోగా, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ గుర్తించి ధ్రువీకరించారు. అనంతరం ఆ ప్రాంతం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది. 2008 తరువాత మరల చాలా ఏళ్లు నిర్ధారితమైన ఆధారాలు దొరకలేదు.

తుమ్మ జాతులు, రేగు, కలివి వంటి పొదలు, వాటి మధ్య ఖాళీ నేల – ఇవి రెండూ ఈ పక్షికి అవసరం. ఇసుక పట్టీలపై పడిన పాదముద్రల ఆధారంగా జరిగిన అధ్యయనాలు ఈ పొందికను లెక్కగట్టాయి. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన ఎత్తుగల పొదలు 300 నుండి 700 వరకు, అంతకన్న చిన్నవి 1000 లోపు ఉన్నచోట దీని ఉనికికి అవకాశం ఎక్కువని అవి తెలిపాయి. పొదలు దట్టంగా అల్లుకుంటే పరుగుకు చోటుండదు, నరికివేస్తే మరుగుండదు. కాబట్టి మితిమీరిన మేత, కట్టెల సేకరణ ఎంత హానికరమో, వాటిని పూర్తిగా నిలిపివేయడం వలన పొదలు చిక్కబడటమూ అంతే సమస్య కావచ్చు.

ఇటువంటి నేలను వ్యవహారంలో ‘బీడు’గా పరిగణించడం వలన సాగుకో, తోటలకో, నిర్మాణాలకో కేటాయించడం సులభమవుతున్నది. తెలుగుగంగ కాలువ పనులు సైతం ఈ ఆవాసానికి ముప్పు తేగా, కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. చెట్లు దట్టంగా ఉంటేనే అడవి అనే భావనతో పొదల నేలలో మొక్కలు నాటినా ఈ పక్షికి ప్రయోజనం కలగదు. పొదలనూ వాటి నడుమ ఖాళీనీ కలిపి ఒకే ఆవాసంగా గుర్తించడమే కలివికోడి సంరక్షణకు ప్రాతిపదిక.