దీపానికి గొర్రెలు – గ్రంథాలయానికి నిధి

ద్రాక్షారామం భీమేశ్వరుని దర్శనానికి వెళ్లినవారు స్తంభాల మీదా, గోడరాళ్ల మీదా చెక్కివున్న అక్షరాలను చూసే వుంటారు. చాలామంది చేత్తో ఒకసారి తడిమి, ఏదో పాత లిపి అనుకుని ముందుకు సాగిపోతారు. అక్కడి శాసనాలు వందల సంఖ్యలో వున్నాయి. అన్నీ రాజుల దండయాత్రల గొడవే అనుకుంటే పొరపాటు. అందులో పెద్ద భాగం దీపాల లెక్క! ఫలానావారు ఫలానా శకవర్షంలో, స్వామి సన్నిధిని అఖండదీపం వెలగడానికి ఇన్ని గొర్రెలనో, ఇన్ని ఆవులనో ఇచ్చారు. వాటిని ఫలానా బోయవాడు చేకొన్నాడు. అతడూ, అతని పుత్రపౌత్రులూ రోజుకు మానెడు నెయ్యి వంతున ఆచంద్రార్కం గుడికి పోస్తూ వుండాలి. దీపానికి యాభై గొర్రెలన్నది తరచుగా కనిపించే లెక్క.

ఇందులో ఒక తెలివి వుంది. దాత నెయ్యి ఇవ్వలేదు. పది కుండల నెయ్యి పోసి దణ్ణం పెట్టుకుని ఇంటికి వెళ్లిపోలేదు. నెయ్యి ఇస్తే నెలకో, ఏడాదికో అయిపోతుంది. ఆ తరువాత గర్భగుడి చీకటే. అతడు ఇచ్చింది మందను. పాలు దీపానికి, పిల్లలు మందకు. ముసలి గొర్రె పోతే దాని చోటును కుర్ర గొర్రె నింపుతుంది. తమిళ శాసనాలలో ఇటువంటి మందకు చావనివి, ముదియనివి అన్న అర్థం వచ్చే మాట వాడారు. నేటి భాషలో చెప్పాలంటే మంద అసలు, నెయ్యి వడ్డీ. అసలు ముట్టకుండా వడ్డీతో దీపం వెలిగించడమన్నమాట.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ గొర్రెల లెక్కతో పనేమిటని చదువరులు అడగవచ్చు. పని వుంది. మన కళాశాలల గ్రంథాలయాలకూ, విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకూ మనవాళ్లు చేస్తున్న దానాలను చూస్తే, ఎక్కువ భాగం నెయ్యి కుండలే. మంద ఇచ్చేవారు బహు అరుదు.

మా కాకినాడ దానాలకు పేరుపడ్డ వూరు. పిఠాపురం రాజావారి కళాశాల 1852లో చిన్న బడిగా మొదలై 1884లో కళాశాల స్థాయికి ఎదిగింది. సంస్థానం అండ లేకపోతే అది రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి వంటి ప్రిన్సిపాలు చేతుల్లో అంత వెలిగేదా అన్నది అనుమానమే. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తరువాత మా వూరికి తరలివచ్చింది. జయంతి రామయ్య పంతులుగారి పూనిక, మహారాజా సూర్యారావు బహద్దరుగారి ధనం కలిసి వేలకొద్దీ తాళపత్ర గ్రంథాలను ఒకచోట చేర్చాయి. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. నిఘంటువు ఒక్క ఏటి పని కాదు. ప్రతుల సేకరణ, ఆకారాది పట్టికలు, పండితుల జీతాలు, అచ్చు కూలి, అన్నీ ఏళ్ల తరబడి నడవాలి. ఒక రాజు ఏళ్ల తరబడి మనసు మార్చుకోకుండా ఇస్తూ రావడం వల్లనే అది సాగింది. మెచ్చుకోవలసిన మాటే. కాని ఇందులోనే ఒక చిక్కు కూడా వుంది.

వాల్తేరు చూడండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. దానికి జయపురం సంస్థానం ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ రోజుల్లో లక్ష అంటే సామాన్యమా! విక్రమదేవవర్మగారి పేర వెలసిన విజ్ఞాన కళాశాల ఆ ఔదార్యాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అయితే, ఏటేటా ఇస్తానన్న దానానికి వేరు దాత ఇంట్లో వుంటుంది. పుచ్చుకున్నవారి పెరట్లో వుండదు. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది, ఒరిస్సాలో 1951లో వచ్చింది. రైతుకు అది న్యాయమే, నేను కాదనను. కాని శిస్తుల మీద బతికిన దానాలకు ఆధారం దానితోనే పోయింది. మా పరిషత్తు సేకరణ 1973లో ప్రభుత్వ పురావస్తుశాఖ చేతికి వచ్చి మ్యూజియంగా నిలిచింది కాబట్టి సరిపోయింది. లేకపోతే తాటాకులను చెదలకు అప్పజెప్పవలసి వచ్చేది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మా వూళ్లోనే దొరుకుతుంది. మల్లాడి సత్యలింగం నాయకరుగారు రాజు కాదు, జమీందారు కాదు. కోరంగి రేవు సీమలో పుట్టి, రంగూను వెళ్లి, ఓడల సరకు పనిలో గడించిన మనిషి. ఆ ఆస్తిని పిల్లల చదువులకని ధర్మసంస్థకు రాసి వెళ్లిపోయారు. ఆస్తి ధర్మసంస్థ పేరనే వుంది గనుక, జగన్నాథపురంలో బడులూ కళాశాలా ఆయన తరువాత కూడా నడిచాయి. నేడు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి కాకినాడలో వున్న ప్రాంగణం పేరులోని ఎం.ఎస్.ఎన్. అన్న మూడక్షరాలు ఆయనవే. ఆ ప్రాంగణంలో చదివే పిల్లలను ఆ అక్షరాలకు అర్థమేమిటని అడిగి చూడండి. సగంమంది నవ్వి వూరుకుంటారు.

ఇక పుస్తకాల సంగతి. ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు మా శాఖకు వస్తారు. మొన్న వేసవిలో వచ్చినాయన రిటైరయిన ఇంజనీరు.

"మా నాన్నగారి పుస్తకాలున్నాయండీ. రెండు బీరువాల నిండా వున్నాయి. మీ లైబ్రరీకి ఇచ్చేద్దామని."

"చాలా సంతోషమండీ. ఏమేం వున్నాయో జాబితా ఏమన్నా..."

"జాబితా ఎక్కడిదండీ! అన్నీ మంచివే. ఒక్క మాట. బీరువాల మీద నాన్నగారి పేరు వుండాలి. వాటిని విడదియ్యకూడదు."

ఆయన పితృభక్తిని శంకించడానికి ఏమీ లేదు. కాని గ్రంథాలయం వైపు నుంచి చూస్తే కథ వేరు. రెండు బీరువాల్లో సగం గ్రంథాలయంలో ముందే వున్నవి. వాటిని దాఖలా రిజిస్టరులో ఎక్కించాలి, వర్గీకరణ అంకెలు వెయ్యాలి, పురుగు తిన్నవాటిని బైండు చేయించాలి. విడదియ్యకూడదన్న షరతు వల్ల ఒకే కవి కావ్యం మూడు గదుల్లో మూడు చోట్ల వుంటుంది. అన్నిటికంటె ముఖ్యం, ఆ బీరువాలో కాలం తండ్రిగారితోనే ఆగిపోతుంది. ఆయన పోయిన మర్నాడు అచ్చయిన పుస్తకం అందులోకి ఎన్నడూ రాదు. పుస్తకాలు వద్దని నా అభిప్రాయం కాదు. అపురూపమైన ప్రతులు ఇలాగే దొరుకుతాయి. బీరువాతోపాటు చిన్న మందను కూడా ఇమ్మని మాత్రమే నేను అడిగేది.

విదేశాలలో ఈ కిటుకు ముందే పట్టారు. అమెరికాలో హార్వర్డు కళాశాలకు 1638లో జాన్ హార్వర్డు అనే పాదిరీ తన ఆస్తిలో సగం, దాదాపు నాలుగు వందల పుస్తకాలు ఇచ్చిపోయాడు. కళాశాలకు ఆయన పేరే పెట్టారు. 1764లో నిప్పంటుకుని గ్రంథాలయం తగలబడింది. ఆయన పుస్తకాలలో మిగిలింది ఒకే ఒక్కటి, అదీ ఎవరో చదవడానికి బయటికి పట్టుకుపోయి వుండబట్టి! (పుస్తకం తిరిగి ఇవ్వని విద్యార్థులు దీన్ని నాకు సాక్ష్యంగా చూపించవద్దని మనవి.) ఇంగ్లండులో థామస్ హోలిస్ అనే ఆయన ఈ కాలిపోయిన గ్రంథాలయానికి పెట్టెలకొద్దీ పుస్తకాలు పంపాడు. అమెరికా గడ్డ మీద ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. 1774లో చనిపోతూ, పుస్తకాలు కొనడానికని అయిదు వందల పౌన్లు రాశాడు. ఆ అయిదు వందల మీద వచ్చే ఆదాయంతో హార్వర్డులో ఈనాటికీ పుస్తకాలు కొంటున్నారు. పాదిరీగారి నాలుగు వందల పుస్తకాలకు మిగిలింది ఒకటి. హోలిస్ గారి సొమ్ముకు కొత్తవి వస్తూనే వున్నాయి.

నిధి పెట్టగానే సరిపోతుందా? లెక్క వేసి చూద్దాం. ఒక దాత 5 లక్షల రూపాయలు బ్యాంకులో వేశారనుకోండి. నూటికి 7 వడ్డీ అయితే ఏటికి 35,000. పుస్తకం సగటున 500 అనుకుంటే 70 పుస్తకాలు. భేషుగ్గా వుంది. కాని పుస్తకాల వెల ఏటా నూటికి 5 వంతున పెరిగిందనుకోండి. ఇరవయ్యేళ్లకు ఆ పుస్తకం 1,300 దాటుతుంది, 35,000కు వచ్చేవి 26 మాత్రమే. వడ్డీ అంతా తినేవాడు, పుట్టిన ప్రతి గొర్రెపిల్లనూ కోసుకు తిన్న బోయవాడి వంటివాడు. మంద తగ్గినట్టు కనిపించదు, దీపం మాత్రం మసకబారుతుంది. అలాకాక వచ్చిన 7లో 5 అసలులో కలిపి, 2 మాత్రమే ఖర్చు పెడితే? మొదటి ఏడు 20 పుస్తకాలే వస్తాయి. దాతగారు మొహం చిట్లించవచ్చు. కాని ఇరవయ్యేళ్లకూ 20, నూరేళ్లకూ 20. మొదటి పద్ధతిలో ఎన్ని యుగాలు గడిచినా మొత్తం 1,470 పుస్తకాలకు మించవు. రెండో పద్ధతి 74వ ఏట ఆ సంఖ్యను దాటి సాగిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలన్నది దాతా, కళాశాలా కూర్చుని తేల్చుకోవలసినది. అమెరికా విశ్వవిద్యాలయాలు తమ నిధులను వాటాలలోనూ పెట్టి, ఏటా నూటికి 4, 5 చొప్పున వాడుకుంటాయి. వాటాల బజారులో దిగే ధైర్యం మన కళాశాలలకు వద్దనే నా సలహా.

అమెరికా మాట వచ్చింది గనుక ఒక వింత చెబుతాను. మనకు గోధుమలు పంపిన పి.ఎల్. 480 రోజులు పెద్దవారికి గుర్తుండే వుంటాయి. ఆ గోధుమలకు మనం రూపాయలు చెల్లించాం. ఆ రూపాయలలో కొంత పెట్టి, 1962 నుంచి మన దేశంలో అచ్చయ్యే పుస్తకాలను కొని చికాగో వంటి విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలెట్టారు. తెలుగు పుస్తకాలూ వాటితో వెళ్లాయి. ఆ తరం తెలుగు నవలల మీద పరిశోధన చేసే మన విద్యార్థికి కొన్ని ప్రతులు వున్న వూళ్లో దొరకవు. సముద్రం అవతల బీరువాలో భద్రంగా వుంటాయి. వాళ్లకు మన భాష మీద మనకంటె ప్రేమ ఎక్కువని కాదు. ఏటేటా కొనడానికి ఒక ఏర్పాటు వుంది, అంతే.

మనకు అటువంటి ఏర్పాట్లు పూర్తిగా లేవని కూడా అనరాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. కాని అది పౌరగ్రంథాలయాలకు. కళాశాల గ్రంథాలయానికి ప్రభుత్వ గ్రాంటు, విద్యార్థుల రుసుము, దాతల దయ తప్ప వేరే గతి లేదు. గ్రాంటు ఒక ఏడు వస్తుంది, మరో ఏడు రాదు. వచ్చిననాడు మార్చి నెలాఖరులోగా ఖర్చు చెయ్యమంటారు. ఆ హడావుడిలో కొన్న పుస్తకాలు ఎలా వుంటాయో అధ్యాపకులందరికీ తెలుసు. చిన్నదైనా శాశ్వతనిధి వుంటే, మంచి పుస్తకం అచ్చయినప్పుడు కొనుక్కోవచ్చు; మార్చి కోసం చూడనక్కరలేదు. దానిని కాపాడే చట్టం కూడా పాతదే, 1890 నాటి ధర్మాదాయాల చట్టం. దాని కింద అసలు ప్రభుత్వ కోశాధికారి పేర వుంటుంది, ఆదాయం మాత్రమే సంస్థ చేతికి వస్తుంది. గొర్రెలు ఒకరి దగ్గర, నెయ్యి ఒకరికి!

దాతలు ఇంకొక్కటి గమనించాలి. నిధి పత్రంలో "పుస్తకాలు కొనుటకు" అని మాత్రమే రాస్తే, బైండింగుకు ఒక్క రూపాయి వాడరాదని ఆడిటరు అడ్డు చెబుతాడు. మాది సముద్రపు వూరు. ఉప్పుగాలికి, వానాకాలపు చెమ్మకు కాగితం ఎంతకాలం నిలుస్తుంది? "కొనుటకు, భద్రపరచుటకు" అని రెండు మాటలు రాయాలి. విషయాన్ని మరీ బిగించి కట్టరాదు. శతక సాహిత్యానికే అని రాసిపోతే, శతకాలు రాసేవారు లేని రోజున ఆ డబ్బు బ్యాంకులో మూలుగుతూ వుంటుంది.

పుస్తకాలను చూసే మనిషి సంగతి దాతలకు తట్టనే తట్టదు. కలబురగి దగ్గర నాగావి అనే వూరు ఒకప్పుడు నైజాం రాజ్యంలో వుండేది. అక్కడ 1058 నాటి శాసనంలో చాళుక్యుల కాలపు ఘటికాశాల వివరం వుంది. వేదం చదివేవారు రెండు వందలమంది, శాస్త్రాలు చదివేవారు యాభై ఇద్దరు. వారికి చదువు చెప్పే గురువులకు భూములు ఇచ్చారు. గురువులతోపాటు ఆరుగురు సరస్వతీ భాండారికులకు, అంటే గ్రంథాలయం చూసుకునేవారికి, కూడా భూమి ఇచ్చారు. రెండు వందల యాభై ఇద్దరు విద్యార్థులకు ఆరుగురు! ఈనాడు వెయ్యిమంది విద్యార్థులున్న కళాశాలలో కూడా లైబ్రేరియను ఉద్యోగం ఏళ్ల తరబడి ఖాళీగా వుండి, అటెండరే తాళం తీసి తాళం వేసే చోట్లు వున్నాయి. అటువంటి చోట అటెండరు సెలవు పెట్టిన రోజున గ్రంథాలయానికి కూడా సెలవే.